విలియం కేరీగారు: అధైర్యకాలమందలి ఆదరణ

క్రిందటి వర్షకాలమున మా తరగతి విద్యార్థి యొకఁడు మూఁడు దినములు బడికి రాలేదు. నాలవనాఁడు వచ్చి, ఇల్లు కురిసి తన నోటుపుస్తకములన్నియుఁ దడిసి ముద్దయైనవనియు, సంవత్సరమంతయుఁ జేసిన లెక్కలును వ్రాసికొన్న వ్యాసములును నీటిపాలైనవనియు, ఇఁక నీ యేఁడు పరీక్షకుఁ గూర్చుండననియుఁ దలవంచుకొని చెప్పెను. అట్టివేళ నుపాధ్యాయులు చెప్పు మాటలు మీ రెఱుఁగనివి కావు. ధైర్యము తెచ్చుకొమ్మనుట సులభము. దాని నెక్కడనుండి తెచ్చుకొనవలెనో చెప్పుట కష్టము. నాకు వెంటనే తగిన మాట తోఁపలేదు. ఆ సాయంకాలము వానిని వెంటఁబెట్టుకొని నడచుచు, విలియం కేరీగారి కాగితములు కాలిపోయిన సంగతి చెప్పితిని. వాఁడు సగము విని, ఆ దొరగారు తరువాత నేమి చేసిరని యడిగెను. ఆ ప్రశ్నకు నే నానాఁడు దారి పొడుగున నిచ్చిన జవాబే కొంత విపులముగా నిచ్చట వ్రాయుచున్నాను.

మన ఆదివారపు బడులలో కేరీగారిని గూర్చి చెప్పునప్పుడు, చెప్పులు కుట్టిన బీదవాఁడు మహాపండితుఁడయ్యెనని రెండు ముక్కలలో ముగింతుము. ఆ రెండు ముక్కల నడుమ నెన్ని సంవత్సరములు గడచెనో, ఆ సంవత్సరములలో నింటను బయటను ఏమేమి జరిగెనో చెప్పము. చెప్పకున్నయెడల పిల్లలకు ఆయన మనవంటి మనుష్యుఁడుగాఁ గనఁబడఁడు. పటములోని దొరగానే నిలిచిపోవును.

కేరీ 1761వ సంవత్సరము ఆగస్టు 17వ తేదీని ఇంగ్లండు దేశపు నార్తాంప్టన్‌షైరు మండలములో పాలర్స్‌పరీ యను చిన్న గ్రామమున జన్మించెను. తండ్రియగు ఎడ్మండు నేఁతపనివాఁడు. కుమారునికి ఆఱేండ్లు వచ్చునప్పటి కా గ్రామపు బడి యుపాధ్యాయుఁడయ్యెను. పినతండ్రి పీటరు తోఁటపనివాఁడు. బాలునికి మొక్కలన్నను పక్షులన్నను పురుగులన్నను మిక్కిలి ప్రీతి. ఆ ప్రీతి చచ్చువఱకును విడువలేదు. పొలముపనికిఁ బంపిరి గాని, చర్మవ్యాధిచేత ఎండకుఁ దాళలేకపోయెను. అందుచేతఁ బదునాల్గవ యేఁట పిడింగ్టన్ గ్రామమున నొక చెప్పులు కుట్టువానియొద్దఁ బనికిఁ జేర్చిరి.

ఆ దుకాణములో జరిగిన యొక సంగతిని కేరీ పెద్దవాఁడైన తరువాతను దాఁచలేదు గనుక మనమును దాఁచనక్కఱలేదు. క్రిస్మసు దినములలో వర్తకులు పనిపిల్లలకుఁ గొంచెము సొమ్ము బహుమానమిచ్చు వాడుక యుండెను. అట్లు వచ్చిన షిల్లింగు చెల్లని నాణెమని తెలియఁగా, తన సొమ్ము పోవుటకు మనసొప్పక, అది యజమాని డబ్బులోనే వచ్చినదని బొంకుటకు నిశ్చయించుకొనెను. ఆ బొంకు సాగునట్లు చేయుమని దేవుని వేఁడుకొనెను గూడ! బొంకు సాగలేదు. సంగతి బయటపడెను. ముఖము చూపలేక కుమిలిపోయెను. తాను మంచివాఁడనను నమ్మకము ఆ షిల్లింగుతో విఱిగిపోఁగా, తోటి పనివాఁడైన జాన్ వార్ అదివఱకే పలుమాఱులు చెప్పిన మాటలు చెవికెక్కెను. క్రీస్తునందు విశ్వాసముంచుట ఆయనకు విజయముతో నారంభింపలేదు, ఓటమితో నారంభించెను.

చదువును ఆ దుకాణములోనే మొదలయ్యెను. అచ్చట నున్న యొక వ్యాఖ్యానగ్రంథములోని గ్రీకు మాటలను అర్థము తెలియకయే కాగితముపై గీసికొని, స్వగ్రామమునందలి చదువుకొన్న నేఁతగాని యొకనిచేఁ జెప్పించుకొనెను. లాటిను, గ్రీకు, హెబ్రీ భాషలను బడియు గురువును లేక యిట్లు ముక్కలు ముక్కలుగాఁ గూర్చుకొనెను. 1781వ సంవత్సరము జూన్ 10వ తేదీని డోరతీ ప్లాకెట్ అను ఆమెను వివాహమాడెను. ఆమెకు వ్రాఁత రాదు. వివాహపు పుస్తకములో గుఱుతు మాత్రము పెట్టెను. వారి తొలిచూలు ఆఁడుబిడ్డ రెండవ యేఁట జ్వరముచే మరణించెను. కేరీయు అదే జ్వరమున మంచమెక్కి లేచునప్పటికిఁ దలవెండ్రుకలు రాలిపోయి, ఇరువదియేండ్లు దాఁటిన కొలఁది కాలమునకే బట్టతలవాఁడయ్యెను.

1785వ సంవత్సరమున మౌల్టన్ అను గ్రామమునకుఁ బోయి బడి పెట్టి, అచ్చటి బాప్తిస్టు సంఘమునకు బోధకుఁడు గూడ నాయెను. ఉపాధ్యాయుఁడుగా నాయన కంత పేరు రాలేదు. తాను పిల్లల నదుపులో నుంచుటకు బదులు పిల్లలే తన్ను అదుపులో నుంచిరని ఆయన తరువాత నవ్వుచుఁ జెప్పుకొనెను. ఈ మాట చదివినప్పుడెల్ల నా మనస్సునకుఁ గొంత యూఱట కలుగుచుండును. మా సహోపాధ్యాయులలోఁ గొందఱికిని గలుగుననుకొందును. ఆ బడిగోడమీఁద ప్రపంచపటము వ్రేలాడఁగట్టి, ఒక్కొక్క దేశముపైని అచ్చటి జనసంఖ్యను, మతమును వ్రాసిపెట్టి, భూగోళపాఠము చెప్పుచునే ఆ జనులకొఱకుఁ బ్రార్థించుచుండెడివాఁడు. సంసారము గడపుటకు రాత్రివేళలఁ జెప్పులు కుట్టుట మానలేదు.

ఈ దేశములకు సువార్త చేరవలెనను తలంపు తోటి బోధకులకు మొదట రుచింపలేదు. కేరీ 1792వ సంవత్సరమున 87 పుటల చిన్న పుస్తకము వ్రాసి ప్రకటించెను. ఆ మే నెల చివర నాటింగ్‌హాములో యెషయా గ్రంథము 54వ అధ్యాయమునుండి ప్రసంగించెను. విన్నవారు కదలిపోయిరి, అయినను మఱునాఁడు యథాప్రకారము ఏ తీర్మానమును లేక చెదరిపోవ లేచిరి. కేరీ ఆండ్రూ ఫుల్లరుగారి చేయి పట్టుకొని, ఈ మాఱును ఏమియుఁ జేయకయే పోవుదుమా యని మొఱపెట్టుకొనెను. ఆ మొఱవలన, అక్టోబరు 2వ తేదీని కెటరింగ్ పట్టణమున నొక విధవరాలి యింటి వెనుకగదిలో, 13 పౌనుల 2 షిల్లింగుల 6 పెన్నీల వాగ్దానముతో మిషను సంఘ మేర్పడెను.

ఇంతవఱకు మనకుఁ దెలిసిన కథయే. ఇఁకఁ జెప్పవలసినది డోరతీ సంగతి.

ఇండియాకుఁ బోవుదమని భర్త యనఁగా, ఆమె రాననెను. ఆమె పుట్టిన పల్లెప్రాంతము విడిచి దూరదేశ మెఱుఁగదు. గర్భవతి. అప్పుడు ఫ్రాన్సుతో యుద్ధము నడచుచుండుటచే సముద్రము భయంకరముగా నుండెను. కేరీ పెద్దకుమారుఁడైన ఫీలిక్సును మాత్రము వెంటఁబెట్టుకొని, జాన్ తామస్ అను వైద్యునితోఁ గూడ బయలుదేఱెను. ఈస్టిండియా కంపెనీవారి సెలవుచీటీ లేదని ఓడనుండి దింపివేసిరి. ఆ యాలస్యములోఁ దామసు ఆమెయొద్దకుఁ బోయి బలవంతపెట్టఁగా, చెల్లెలు కేథరిను తోడు వచ్చునెడలఁ దానును వత్తునని కొలఁది గంటలలో ఒప్పుకొనెను. ఒడిలో నున్న శిశువునకు అప్పటికి ఒక నెల యైన నిండునో నిండదో. 1793వ సంవత్సరము జూన్ 13వ తేదీని డేనిష్ ఓడలో బయలుదేఱి నవంబరు 11వ తేదీని కలకత్తా చేరిరి. దైవచిత్తమును గూర్చి కేరీకి సందేహము లేకుండెను. ఆమెకు మాత్రము నిదానించి యాలోచించుకొనుట కొక వారమైన నెవ్వరు నియ్యలేదు. ఆయన విశ్వాసమును గొనియాడు మనము ఈ సంగతిని మఱవరాదని నా యభిప్రాయము.

తెచ్చిన సొమ్ము తామసు చేతిలోఁ గొలఁది వారములలోనే కరఁగిపోయెను. కలకత్తాలో నిలువ నీడలేక, ఇంటివారు జబ్బుపడఁగా, కేరీ అప్పుకొఱకుఁ దిరిగెను. 1794వ సంవత్సరారంభమున సుందరవనముల యంచున పులులు తిరుగు అడవిభూమిలో గుడిసె వేసికొని సేద్యము చేయఁబూనెను. ఆ సంవత్సరమే మాల్దా ప్రాంతమున మదనబాటి యను చోట నున్న నీలిమందు కార్ఖానాకు మేనేజరుగా నెలకు 200 రూపాయల జీతముపై నుద్యోగము దొరకెను. ఆఁకలి తీఱెను గాని, ఆ ప్రదేశము చెమ్మతోను జ్వరములతోను నిండినది. అక్టోబరులో అయిదేండ్ల పీటరు జిగటవిరేచనములచే మరణించెను. కులము పోవునను భయముచేత పాఁతిపెట్టుటకు సాయపడువారు దొరకలేదు. జ్వరముతో నున్న తండ్రి బహు ప్రయాసపడి సమాధి త్రవ్వువారిని సంపాదింపవలసి వచ్చెను.

డోరతీ మనస్సు ఆ దుఃఖమునుండి కోలుకొనలేదు. 1795వ సంవత్సరమునుండి ఆమెకు మతి చలించెను. భర్తపైఁ గానిపోని యనుమానములు పెట్టుకొని వీథులవెంటఁ దఱుముచు నిందించెడిది. తరువాత నామెను గదిలో నుంచి కాపాడవలసి వచ్చెను. 1807వ సంవత్సరము డిసెంబరు 8వ తేదీని మరణించువఱకు, అనఁగాఁ బండ్రెండేండ్లు, ఆమె స్థితి యట్లే యుండెను. కొందఱు ఆమెను వైద్యశాలలోఁ జేర్పుమన్నను, అచ్చట సరిగాఁ జూడరని భయపడి కేరీ సమ్మతింపలేదు. ప్రక్కగదిలో ఆమె కేకలు వేయుచుండఁగా ఈవలి గదిలో ఆయన బెంగాలీ తర్జుమా చేయుచుండెను. ఆ తర్జుమాను మనము కొనియాడుదుము. ఆ కేకలవెనుక నున్న బాధను తఱుచుగా మఱతుము.

స్వదేశమునుండి ఒక సంవత్సరమునకు మించి ఒక్క ఉత్తరమైన రాలేదు. వచ్చినప్పుడు, మిషనెరీ నీలిమందు వ్యాపారములోఁ బడి లోకసంబంధి కాఁగూడదను హెచ్చరిక యొకటి వచ్చెను. తన జీతములోఁ గుటుంబమునకు వలసినది పోఁగా మిగిలినది బడికిని, పండితునికిని, తర్జుమాకును వెచ్చించుచున్నవాని కీ హెచ్చరిక యెట్లుండెనో యూహించుకొనుఁడు. దేశస్థులలో విశ్వాసియైనవాఁ డొక్కఁడును లేఁడు. ఒక యేఁడు గడచెను, రెండు గడచెను, అయిదు గడచెను, ఆఱు గడచెను, ఒక్కఁడును లేఁడు.

ఈ కాలమున ఆయన వ్రాసికొన్న దినచర్య నేఁటికిని నిలిచియున్నది. దానిని జదువువారు అందులో వీరుని మాటలు వెదకిన నిరాశపడుదురు. తన మనస్సు చల్లఁబడినదనియు, ప్రార్థింప బుద్ధి పుట్టలేదనియు, మాటలాడుటకుఁ దోటి క్రైస్తవుఁడు లేఁడనియు, తానెందుకును గొఱగాననియు దినముతరువాత దినము వ్రాసికొనెను. అయినను ఆ పుటలలోనే మఱియొకటి కనఁబడును. తన ధైర్యము తనలో లేదని తెలిసికొన్నందున, దానిని దేవుని వాగ్దానముపై నుంచి, ఇతరులందఱు విడిచినను ఆ వాగ్దానము మాత్రము తప్పదని నిశ్చయించుకొనెను. మనస్సు వెలిఁగినను చీఁకటిగానున్నను మఱునాఁటి పాఠము మాత్రము మానలేదు. వేదవాక్యము చదువుట, తోఁటలో నడచుచుఁ బ్రార్థించుట, మున్షీతోఁ గూర్చుండి తర్జుమా చేయుట: ఈ మూఁడును సాగుచునే యుండెను. నాకుఁ దోఁచినంతవఱకు ఆయనకుఁ గలిగిన ఆదరణ యిట్టిది. అది సంతోషపు పొంగుగా నరుదుగా వచ్చెను. మఱునాఁడు లేచి కూర్చుండుటకుఁ జాలినంత బలముగాఁ దఱుచుగా వచ్చెను.

1800వ సంవత్సరము జనవరి 10వ తేదీని కేరీ డేనిష్ ప్రభుత్వపు నేల యగు సెరంపూరునకు మకాము మార్చెను. అంతకుఁ గొలఁది నెలల ముందు ఇంగ్లండునుండి వచ్చిన జాషువా మార్ష్‌మన్, విలియం వార్డు అనువా రచ్చట నుండిరి. మార్ష్‌మన్ బడిపంతులు, వార్డు అచ్చుపనివాఁడు. ముగ్గురును ఒకే యింట నుండి, సంపాదన యంతయు నుమ్మడి పెట్టెలో వేసిరి. ఆ సంవత్సరము నవంబరులోఁ గృష్ణపాల్ అను వడ్రంగికి చేయి తొలఁగఁగా, తామసు కట్టు కట్టి సువార్త చెప్పెను. డిసెంబరు 28వ తేదీని గంగానదిలో ఫీలిక్సుతోఁ గూడఁ గృష్ణపాల్ బాప్తిస్మము పొందెను. ఏడేండ్లకు మొదటి ఫలము! ఆ దినము గూడఁ గలఁత లేని దినము కాదు. పదునేడేండ్లు ఈ గడియకొఱకుఁ గాచియున్న తామసు ఆనందము భరింపలేక పిచ్చివాఁడై, బడియింటిలోఁ గేకలు వేయుచుండెను. తన గదిలో డోరతీయుఁ గేకలు వేయుచుండెను. ఆ రెండు కేకల నడుమఁ గేరీ కుమారుని ఒక చేతను, వడ్రంగిని ఒక చేతను బట్టుకొని నీటిలోనికి దిగెను.

మఱుసటి సంవత్సరము బెంగాలీ క్రొత్తనిబంధన అచ్చయ్యెను. కలకత్తాలోని ఫోర్టువిలియం కళాశాలలోఁ గేరీకి భాషాబోధకుని యుద్యోగము నెలకు 500 రూపాయలపై లభించెను. తరువాత ఆ జీతము రెట్టింపయ్యెను. అదియు నుమ్మడి పెట్టెలోనికే పోయెను. పంచానన కర్మకారుఁ డను నేర్పరి, అతని యల్లుఁడు మనోహరుఁడు ఉక్కుపై నక్షరములు చెక్కి, భారతదేశపు భాషలు పెక్కింటికి అచ్చక్షరములు సిద్ధపఱచుచుండిరి.

తెలుఁగు పిల్లలు జ్ఞాపకముంచుకొనవలసిన సంగతి యొక టిచ్చటఁ జెప్పెదను. 1806వ సంవత్సరము జూన్ నెలలో నొకనాఁడు తా నేమేమి చేసినది కేరీ స్నేహితుని కొక యుత్తరములో వ్రాసెను. ఉదయము ఆఱు గంటలు కాకమునుపే లేచి హెబ్రీలో నొక అధ్యాయము చదివెను, ప్రార్థించెను, పనివారితోఁ గలిసి బెంగాలీలోఁ గుటుంబ ప్రార్థన జరిపెను. తేనీరు పోయుచుండఁగాఁ బారసీ చదివెను. ఫలహారమైన పిమ్మట సంస్కృత రామాయణమును ఇంగ్లీషులోనికిఁ దర్జుమా చేసెను. కళాశాలకుఁ బోయి వచ్చి అచ్చుకాగితములు దిద్దెను. మధ్యాహ్న భోజనమైనది మొదలు మత్తయి సువార్తను సంస్కృతములోనికిఁ దర్జుమా చేసెను. సాయంకాల మాఱు గంటలు దాఁటఁగానే ఒక తెలుఁగు పండితునియొద్దఁ గూర్చుండి మన భాషకు ఓనమాలు దిద్దుకొనెను. ఆ తరువాతఁ బ్రసంగము, ఆ తరువాత మరల తర్జుమా. అప్పటి కాయనకు నలువదినాలుగేండ్లు. డోరతీ యింకను జీవించియే యున్నది.

ఇట్లు సాయంకాలపు గంటలలోఁ గూడఁబెట్టిన తెలుఁగు వ్యాకరణము వ్రాఁతప్రతిగా సిద్ధమై అచ్చునకు వేచియుండఁగా, 1812వ సంవత్సరము మార్చి 11వ తేదీ వచ్చెను.

ఆనాఁడు బుధవారము. కేరీ కలకత్తాలోఁ గళాశాలపనిపై నుండెను. సెరంపూరులో అచ్చుశాల 200 అడుగుల పొడవైన కట్టడము. పనివారు వెళ్లిపోయిరి. సాయంకాలము వార్డు తన గదిలో లెక్కలు చూచుచుండఁగాఁ బొగవాసన వచ్చెను. చూడఁగాఁ గాగితములు పేర్చిన చోట నిప్పు. ఆయన తలుపులు, కిటికీలు మూయించి గాలి చొరకుండఁ జేసి, పైకప్పుకు రంధ్రము చేయించి నీరు పోయించెను. నాలుగు గంటలు మార్ష్‌మనును, పనివారును, పొరుగువారును నీరు మోసిరి. మంట యణఁగినట్లే యుండెను. ఇంతలో నెవ్వరో మేలు చేయఁబోయి ఒక కిటికీ తెఱచిరి. గాలి లోపలికిఁ జొచ్చుటయు, కట్టడమంతయు నొక్కసారిగా మండుటయు నయ్యెను. అర్ధరాత్రమునకుఁ బైకప్పు కూలెను. ప్రక్కగదిలో నున్న అయిదు అచ్చుయంత్రములను మాత్రము బయటికి లాగఁగలిగిరి. ప్రాణనష్టము లేదు. నిప్పు ఎట్లు పుట్టెనో తేలలేదు.

మఱునాఁ డుదయము మార్ష్‌మన్ కలకత్తాకుఁ బోయి కేరీకి సంగతి తెలిపెను. ఆ సాయంకాలమునకు సెరంపూరు చేరినప్పుడు, కేరీ ఇంకను బొగ లేచుచున్న బూడిదలో నిటునటు నడచుచుండెననియు, ఆయన కన్నుల నీరుండెననియు, కలకత్తానుండి చూడవచ్చిన ఇంగ్లీషు పాదిరియగు తామసన్‌గారు వ్రాసిరి. విశ్వాసి యేడ్వఁగూడదని మనలోఁ గొందఱు తలంతురు గనుక ఈ కన్నీటి సంగతి విడువక వ్రాయుచున్నాను.

సొమ్ము నష్టము డెబ్బదివేల రూపాయలని లెక్కవేసిరి. పదునాలుగు తూర్పుదేశపు భాషల అచ్చక్షరములు కరఁగిపోయెను. పండ్రెండువందల రీముల కాగితము బూడిదయయ్యెను. అయినను సొమ్ముతో మరలఁ గొనఁదగిన వీ వస్తువులు. కొనరానివి వ్రాఁతప్రతులు. కన్నడ క్రొత్తనిబంధన, సంస్కృతమునందలి పాతనిబంధన గ్రంథములు, బెంగాలీ నిఘంటువునఁ బెక్కు పుటలు, పంజాబీ వ్యాకరణములోఁ జాల భాగము, రామాయణపు తర్జుమాలో నొక సంవత్సరపు పని, తెలుఁగు వ్యాకరణము పూర్తిగా, వీని కన్నిటికి మించి, సంస్కృతమునకును దేశభాషలకును గల సంబంధముఁ జూపు మహానిఘంటువు, పోయెను. ఆ మహానిఘంటువునకుఁ గేరీ యెన్నియో యేండ్లుగా మాటలు సేకరించుచుండెను. ఇప్పటివలె నకలు తీయు యంత్రములు లేవు. ఉన్న ప్రతి యొక్కటే. అది పోయినఁ బోయినట్లే.

మఱుసటి ఆదివారము కేరీ 46వ కీర్తన 10వ వచనముపైఁ బ్రసంగించెను. ఆనాఁడు చెప్పిన సారాంశము రెండే మాటలు: మన పనిని మనయొద్దనుండి తీసికొనుటకు దేవునికి హక్కు గలదు, మనము ఊరకుండి దాని నొప్పుకొనవలెను. వ్రాసిన నిది చిన్నమాట. ఆ శ్రోతలయెదుట, ఆ బూడిదప్రక్క నిలిచి చెప్పుట చిన్నమాట కాదు. ఊరకుండుటయనఁగాఁ జేతులు ముడుచుకొనుట యని మాత్ర మాయన యెంచలేదు. ఒకసారి నడచిన త్రోవ రెండవసారి మఱింత సులభముగాను జక్కఁగాను నడువవచ్చుననియు, కావున మొదటిసారి చేసినదానికంటె రెండవసారి చేయునది మెఱుఁగుగా నుండుననియు స్నేహితులకు వ్రాసెను.

శిథిలములు త్రవ్వఁగా, అక్షరముల పోఁతపనికి మూలమైన ఉక్కు ముద్రలు వేలకొలఁది చెడక దొరకెను. కరఁగి గడ్డకట్టిన లోహమును టన్నులకొలఁది యేఱి మరలఁ బోఁతపోయించిరి. అద్దెకుండినవారు కొలఁది దినముల ముందే ఖాళీచేసి తాళపుచెవు లప్పగించిన గిడ్డంగి యొకటి యుండఁగా, దానిలోఁ బని మొదలుపెట్టిరి. కొలువరులు పగలును రాత్రియు వంతులు వేసికొని పనిచేసిరి. వార్త ఇంగ్లండు చేరఁగా, అచ్చటి సంఘములు ఇంచుమించు రెండు నెలలలోనే పదివేల పౌనులు పోగుచేసిరి. ఇఁకఁ జాలునని ఫుల్లరుగారే ప్రకటింపవలసివచ్చెను. ఇంత కీర్తివలన మీరు గర్వింపకుఁడని ఆయన సెరంపూరువారిని హెచ్చరించెను గూడ. అంతవఱకు సెరంపూరు పేరైన నెఱుఁగని యిండ్లలో ఆ మంటవలన ఆ పేరు వెలిఁగెను.

మరి తెలుఁగు వ్యాకరణ మేమాయెనని మా విద్యార్థి యడిగెను. కేరీ దానిని మొదటి పుటనుండి మరల వ్రాసెను. 1814వ సంవత్సరమున అది సెరంపూరులో అచ్చయ్యెను. మన భాష కెంతో సేవచేసిన బ్రౌనుదొరగారు చెన్నపట్టణమున నోడ దిగుట 1817వ సంవత్సరమున. అంతకు మూఁడేండ్లు ముందే ఇంగ్లీషు తెలిసినవారు తెలుఁగు నేర్చుకొనుటకు ఆ పుస్తకము చేతికి వచ్చియుండెను. 1818వ సంవత్సరమున సెరంపూరునుండి తెలుఁగు క్రొత్తనిబంధనయు, 1821వ సంవత్సరమున మోషే వ్రాసిన అయిదు గ్రంథములును వెలువడెను. ఆ తెలుఁగు నేఁడు మనము చదువు తెలుఁగు కాదు. తెలుఁగుదేశమునఁ గాలుపెట్టక బెంగాలునఁ గూర్చుండి చేసిన పని యగుటచేఁ దప్పు లుండెను. విశాఖపట్టణమునను దరువాతఁ దక్కిన చోట్లను మనవారి నడుమ నుండి పనిచేసినవారి తర్జుమాలే నిలిచెను. ఆయన యితర భాషల తర్జుమాలలోను బెక్కింటికి ఇదే గతి పట్టెను. ఇది చెప్పుట ఆయనను దక్కువ చేయుట కాదు.

మహానిఘంటువు మాత్రము మరల వెలుఁగు చూడలేదు. పోయినదంతయు మరల వచ్చునని ఆ పిల్లవానితోఁ జెప్ప నాకు నోరు రాలేదు. అది నిజము కాదు గనుక.

తరువాతి సంవత్సరములును మెత్తనివి కావు. డోరతీ మరణించిన పిమ్మట 1808వ సంవత్సరమున వివాహమాడిన షార్లెట్ అను విదుషీమణి, ఆయన తర్జుమాపనికిఁ దోడుపడినది, 1821వ సంవత్సరమునఁ గన్నుమూసెను. మఱుసటి యేఁడు పెద్దకుమారుఁడు ఫీలిక్సు, 1823వ సంవత్సరము మార్చిలో మిత్రుఁడు వార్డు పోయిరి. ఆ సంవత్సరమే అక్టోబరులో పడవనుండి దిగుచుఁ గాలుజాఱిపడి తుంటికి దెబ్బతగిలి, నెలలకొలఁది కఱ్ఱలతో నడచెను. మంచమునఁ బడియుండఁగనే దామోదరనది పొంగి, ఆయన ప్రాణముగాఁ బెంచుకొనిన తోఁటను ముంచివేసెను; నివాసగృహమును నదికోఁతకు లోఁబడెను. లేచి నడువఁగలిగిన వెంటనే స్నేహితులకు విత్తనములకొఱకు వ్రాసి, మొక్కలను మరల నాటించెను. 1827వ సంవత్సరమున ఇంగ్లండులోని సంఘమువారికిని సెరంపూరువారికిని సంబంధము తెగుట ఆయన ముదిమిలో మఱియొక గాయము. అందు రెండు పక్షములయందును గొంత తప్పు గలదని చదివినవారికిఁ దోఁచును.

1829వ సంవత్సరము డిసెంబరులో సతీసహగమనమును నిషేధించు శాసనము బెంగాలీలోనికిఁ దర్జుమా చేయుటకై ఆయనయొద్దకు వచ్చెను. ఆనాఁడు ఆదివారము. ఆలస్యమైనఁ బ్రాణములు పోవునని, ఆరాధన వేఱొకరి కప్పగించి, పండితునితోఁ గూర్చుండి సాయంకాలమునకు ముగించెను. ఎన్నియో యేండ్లుగా ఆ దురాచారమునకు విరోధముగా విన్నపములు వ్రాసి ఫలము గానక యుండినవాని కది యెట్టి ఆదివారమో!

1834వ సంవత్సరము జూన్ 9వ తేదీ యుదయమునఁ గేరీ సెరంపూరులో దేహము చాలించెను. నలువదియేండ్లకు మించి ఈ దేశమున నుండి, ఒకమాఱైన స్వదేశము చూడఁబోలేదు. తన చరిత్ర నెవ్వరైన వ్రాసినయెడలఁ దాను విడువక నడచిపోవువాఁడని వ్రాసినఁ జాలుననియు, అంతకు మించినదంతయు నెక్కువయే యనియు బంధువుతో నంతకుముందే చెప్పియుండెను. సమాధిపైఁ దన పేరును, పుట్టిన చచ్చిన తేదీలును, ఒక ఇంగ్లీషు కీర్తనలోని రెండు పాదములును దప్ప మఱేమియుఁ జెక్కఁగూడదని మరణశాసనమున వ్రాసెను. ఆ పాదములలోఁ బండితుని సంగతి లేదు; తర్జుమాల సంగతియు లేదు. దౌర్భాగ్యుఁడై, దిక్కుమాలి, ప్రభువు చేతులలో వ్రాలుచున్న పురుగు వంటివాని సంగతి మాత్రమే కలదు. షార్లెట్ సమాధియొద్దనే ఆయనను బాఁతిపెట్టిరి.

మా విద్యార్థి తోటివారి నోటుపుస్తకములు తెచ్చుకొని, లాంతరుదగ్గఱఁ గూర్చుండి, మొదటి లెక్కనుండి మరల వ్రాయుచున్నాఁడు. సగము వఱకు వచ్చినదని నిన్న చెప్పెను.